హామ్‌ట్రామెక్‌లో తెల్లవాళ్లెవరు?



ఈ పూట మిమ్మల్ని ఒక చిన్న ఊరికి తీసుకెళ్తాను. ఊరి పేరు హామ్‌ట్రామెక్. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంది. పేరుకు నగరమే గానీ విస్తీర్ణం ఐదున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు. ఈ కొసన బయల్దేరి నింపాదిగా నడిచినా గంటలోపు ఆ కొసన తేలతారు. దాదాపు చుట్టూ డెట్రాయిట్ మహానగరం. దాని కడుపులో ఈ బుల్లి నగరం. అయినా దీని మేయరు దీనికే ఉన్నాడు. దీని కౌన్సిలు దీనికే ఉంది. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ 28,433 మంది తేలారు. మన దగ్గర ఇంతకంటే పెద్ద మండల కేంద్రాలున్నాయి.

ఇంత చిన్న ఊరి సంగతి రేడియోలో ఎందుకు? ఒక ఊళ్లో ఏ జాతివాళ్లు ఎంతమంది అని చెప్పే అంకెలు మనం రోజూ వింటుంటాం. వార్తల్లో వింటాం. ఎన్నికలప్పుడు మరీ వింటాం. వాటిని ఎలా వినాలో నేర్చుకోవడానికి, నాకు తెలిసినంతలో, హామ్‌ట్రామెక్‌ను మించిన ఊరు లేదు.

ముందు అంకెలు విందాం. మూడే అంకెలు, గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. 2010 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊళ్లో తెల్లవాళ్లు సగానికి కాస్త ఎక్కువ. ఆసియావాళ్లు ఐదోవంతు పైచిలుకు. నల్లవాళ్లు ఐదోవంతుకు దగ్గరగా. మిగిలిన కొద్దిమంది వేరే వేరే.

విన్నారు కదా. తెల్లవాళ్లు సగానికి పైగా. ఇప్పుడు ఆ ఊరి పెద్ద వీధిలోకి రండి. వీధి పేరు జోసెఫ్ కాంపో. ఒకవైపు పోలెండు వాళ్ల బేకరీ కనిపిస్తుంది. ఏడాదికోసారి, ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యే ముందురోజు, పొంచ్కి అనే తీపి బూరెల కోసం అక్కడ తెల్లవారకముందే జనం వరసకడతారు. ఇంకాస్త నడిస్తే అరబిక్ బోర్డులు. యెమెన్ వాళ్ల హోటళ్లు, కిరాణా కొట్లు. తలకు ముసుగు వేసుకున్న ఆడవాళ్లు పిల్లల్ని చేయిపట్టుకుని వెళ్తుంటారు. అటు కొనాంట్ వీధికి తిరిగితే బంగ్లా బోర్డులు. చీరల దుకాణాలు, మిఠాయి కొట్లు, హల్వా, రసమలై. ఆ వీధికి బంగ్లాదేశ్ అవెన్యూ అని గౌరవంగా ఇంకో పేరు కూడా పెట్టుకున్నారు.

మరి ఆ తెల్లవాళ్లు సగం మంది ఎవరు? పోలెండు నుంచి వచ్చిన ముసలమ్మ తెల్లామె. సరే, అది మనం ఊహించిందే. బోస్నియా యుద్ధం తర్వాత వచ్చిన ముస్లిం కుటుంబం కూడా తెల్లవాళ్లే. అదీ సరే, వాళ్లు ఐరోపా వాళ్లు. కానీ యెమెన్ నుంచి వచ్చిన కిరాణా కొట్టాయన కూడా ఆ లెక్కలో తెల్లవాడే. తలకు ముసుగు వేసుకుని బడికి వెళ్తున్న ఆయన కూతురూ తెల్లమ్మాయే. ఎందుకంటే అమెరికా జనాభా లెక్కల కాగితంలో 2020 దాకా పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు వేరే గడి లేదు. వాళ్లు తెల్లవాళ్ల గడిలోకి వెళ్లాలి. అప్పటి నియమం అది.

దీన్ని మన వంటింట్లో చూద్దాం. మీ ఇంట్లో పోపుల డబ్బా ఉంటుంది. అందులో ఏడు గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ. ఏడూ నిండిపోయాయి. ఒకరోజు వాము తెచ్చారు. దానికి గిన్నె లేదు. చూడ్డానికి కాస్త జీలకర్రలాగే ఉంటుంది కదా అని జీలకర్ర గిన్నెలోనే పోసేశారు. మర్నాడు చుట్టాలొచ్చి మూత తీసి చూస్తే ఏమంటారు? ఈ ఇంట్లో వాము లేదు, జీలకర్ర మాత్రం బాగా వాడతారు అంటారు. వాము ఉంది. లేనిది గిన్నె. జనాభా లెక్కల్లో శాతాలు కూడా అంతే. అవి మనుషుల గురించి ఎంత చెబుతాయో, డబ్బాలో ఎన్ని గిన్నెలు పెట్టారో కూడా అంతే చెబుతాయి.

ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే. అంకె వినగానే గడి గురించి అడగండి. ఇక ఈ ఊరి కథలోకి వెళ్తాను. గళ్లు ఎలా పుడతాయో, వాటిలోకి మనుషులు ఎలా వచ్చి పడతారో ఆ కథలోనే ఉంది.

1910లో హామ్‌ట్రామెక్ మూడున్నర వేల మంది ఉన్న పల్లె. అక్కడ జర్మన్ రైతులుండేవాళ్లు. ఆ ఏడాదే డాడ్జ్ సోదరులు అక్కడ మోటారు కార్ల ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీకి మనుషులు కావాలి. పోలెండు నుంచి కుప్పలు తెప్పలుగా వచ్చారు. 1920 వచ్చేసరికి ఆ పల్లెలో 48 వేల మంది పైన. పదేళ్లలో మూడున్నర వేలు ఎక్కడ, నలభై ఎనిమిది వేలు ఎక్కడ! 1930లో 56 వేలు దాటింది. ఆ ఊరి జనాభాకు అదే శిఖరం. ఇళ్లు ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ కట్టారు. సెయింట్ ఫ్లోరియన్ అనే పెద్ద చర్చి లేపారు. పోలిష్ బళ్లు, పోలిష్ పత్రికలు, పోలిష్ మాంసం కొట్లు. 1970 ప్రాంతంలో కూడా ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది పోలిష్ మూలాలవాళ్లేనని చెబుతుంటారు. 1987లో పోలెండువాడైన పోప్ రెండో జాన్ పాల్ డెట్రాయిట్ వచ్చినప్పుడు, పనిగట్టుకుని ఈ చిన్న ఊరికి కూడా వచ్చారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఊరి జనాభా ఎవరితో నిండాలన్నది నదిలో నీళ్లలా దానంతటది తేలే విషయమని చాలామంది అనుకుంటారు. ఈ ఊళ్లో నల్లవాళ్ల కథ వింటే అలా అనుకోలేం. వాళ్లు కూడా ఆ ఫ్యాక్టరీల కోసమే వచ్చారు. పోలిష్ వాళ్ల పక్కనే బతికారు. 1960ల్లో నగర పాలకులు పట్టణ పునరుద్ధరణ అని ఒక పథకం పెట్టారు. పాత ఇళ్లు పడగొడతాం, కొత్తవి వస్తాయి అన్నారు. తీరా చూస్తే పడగొట్టినవి ఎక్కువగా నల్లవాళ్లుండే వీధులు. వాళ్లు తిరిగి ఊళ్లోకి రావడానికి ఇళ్లు లేవు. 1968లో శారా గారెట్, మరికొందరు కోర్టుకెళ్లారు. 1971లో ఫెడరల్ జడ్జి డేమన్ కీత్ తీర్పు చెప్పారు. నల్లవాళ్లను ఊళ్లోంచి పంపించెయ్యాలన్న ఉద్దేశంతోనే ఇది జరిగిందన్నారు. నగరం వాళ్లకు ఇళ్లు కట్టించి ఇవ్వాలన్నారు. ఆ రెండు వందల ఇళ్లూ పూర్తయ్యేసరికి ఏ సంవత్సరం వచ్చిందో తెలుసా? 2010. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లలో ఎంతోమంది అప్పటికి లేరు. వాళ్ల పిల్లలు, మనవలు వచ్చి తాళాలు తీసుకున్నారు.

కాబట్టి ఫలానా ఏడాది ఈ ఊళ్లో నల్లవాళ్లు ఇంత శాతం అని కాగితంలో చూసినప్పుడు, ఆ అంకె వెనక ఒక బుల్‌డోజరు ఉంది, ఒక కోర్టు తీర్పు ఉంది, నలభై ఏళ్ల ఎదురుచూపు ఉంది. కాగితంలో అవేమీ కనిపించవు.

తర్వాత ఫ్యాక్టరీ వంతు. 1980 జనవరిలో డాడ్జ్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ స్థలంలోనే, పక్కనున్న డెట్రాయిట్ పేటను కూడా కలుపుకుని, జనరల్ మోటార్స్ కొత్త ఫ్యాక్టరీ కట్టింది. దాని కోసం నాలుగు వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆ పేటకు పోల్‌టౌన్ అని పేరు. పోలిష్ వాళ్ల పిల్లలు అప్పటికే శివార్లలో పెద్ద ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోతున్నారు. 1990 నాటికి ఊరి జనాభా 18 వేల చిల్లరకు పడిపోయింది. ఇళ్లు మిగిలాయి. అద్దెలు చౌక. మసీదు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. అప్పుడు యెమెన్ వాళ్లు పెరిగారు. బోస్నియా యుద్ధం నుంచి తప్పించుకున్నవాళ్లు వచ్చారు. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు నుంచి వచ్చినవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామంది ముందు న్యూయార్క్‌లో దిగినవాళ్లు. అక్కడి అద్దెలు భరించలేక ఇటు వచ్చారు. తగ్గుతూ వచ్చిన ఊరు మళ్లీ నిండింది. 2010లో 22 వేల మంది ఉన్న ఊళ్లో 2020కి 28 వేల మంది ఉన్నారు. మిషిగన్‌లో చాలా పాత ఫ్యాక్టరీ ఊళ్లు ఖాళీ అవుతుంటే ఈ ఊరు పెరిగింది. నాకైతే ఈ ఊరి అంకెలన్నిటిలోకీ మనసుకు హత్తుకునే అంకె ఇదే.

సరే. యెమెన్ ఆయన తెల్లవాళ్ల గడిలోకి ఎలా వచ్చాడు? సిల్హెట్ ఆయన ఆసియా గడిలోకి ఎలా వెళ్లాడు? ఇది చర్మం రంగును బట్టి తేలింది కాదు. కోర్టుల్లోనూ ఆఫీసుల్లోనూ తేలింది. కాస్త ఓపిగ్గా వినండి. మన వాళ్ల కథ కూడా ఇందులో ఉంది.

1790లో అమెరికా ఒక చట్టం చేసింది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు పౌరులు కావాలంటే తెల్లవాళ్లై ఉండాలంది. 1870 తర్వాత ఆఫ్రికా మూలాల వాళ్లకు కూడా వీలిచ్చారు. మిగిలిన వాళ్లంతా, మేం తెల్లవాళ్లమే అని కోర్టులో రుజువు చేసుకోవాలి. 1915లో జార్జ్ డో అనే సిరియా ఆయన రుజువు చేసుకున్నాడు. కోర్టు ఒప్పుకుంది. 1923లో మన దేశం నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన పంజాబీ సిక్కు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మామూలు మనిషి తెల్లవాడు అంటే ఎవరిని అనుకుంటాడో నువ్వు ఆ కోవలోకి రావు అంది. భారతీయులకు ఆ తలుపు 1946 దాకా మూసే ఉంది.

ఇప్పుడు మన ఊరి పక్కకే వద్దాం. 1942. డెట్రాయిట్ ఫెడరల్ కోర్టు. అహ్మద్ హసన్ అనే యెమెన్ మనిషి పౌరసత్వం అడిగాడు. జడ్జి కాదన్నారు. అరబ్బులు తెల్లవాళ్లు కారన్నారు. రెండేళ్లు తిరక్కుండా, 1944లో, మసాచుసెట్స్‌లో ఇంకో కోర్టు ఇంకో అరబ్బును తెల్లవాడే అని ఒప్పుకుంది. అదే చట్టం. అదే దేశం. రెండేళ్ల తేడా.

జనాభా లెక్కల కాగితం కూడా ఇలాగే తిరిగింది. 1920, 1930, 1940. ఈ మూడు లెక్కల్లో భారతదేశం నుంచి వెళ్లినవాళ్లకు పెట్టిన జాతి పేరు హిందూ. అవును, మతం పేరునే జాతి పేరుగా రాశారు. సిక్కయినా హిందూ, ముస్లిం అయినా హిందూ. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో కండరాల శక్తి గుట్టు విప్పుతున్న రోజులవి. ఆయన వంటివాళ్లందరికీ అమెరికా ప్రభుత్వం దగ్గర ఉన్న గడి అదొక్కటే. తర్వాత 1970 వచ్చింది. ఆ లెక్కల్లో భారతీయుల్ని తెల్లవాళ్లలో కలిపేశారు. అక్కడున్న భారతీయ సంఘాలు ఊరుకోలేదు. మాకు వేరే గడి కావాలని అడిగాయి. 1977లో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమం రాసింది. భారత ఉపఖండం వాళ్లు ఆసియావాళ్లు అంది. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లు తెల్లవాళ్లు అంది. 1980 లెక్కల్లో మనవాళ్ల కోసం ‘ఏషియన్ ఇండియన్’ అని కొత్త గడి వచ్చింది.

ఒక్క క్షణం ఆలోచించండి. 1930లో పాతికేళ్ల వయసులో అమెరికాలో ఉన్న ఒక భారతీయుడు 1980 దాకా అక్కడే బతికాడనుకుందాం. మొదట హిందూ. తర్వాత తెల్లవాడు. ఆ తర్వాత ఆసియావాడు. మనిషి మారలేదు. ఇల్లు కూడా మారి ఉండకపోవచ్చు. కాగితం మారింది.

ఇలా గీసిన గళ్లలోనే హామ్‌ట్రామెక్ ఇరుగుపొరుగు విడిపోయారు. బంగ్లాదేశ్ ఆయన ఆసియా గడిలోకి, యెమెన్ ఆయన తెల్ల గడిలోకి.

అయితే ఏమైంది, కాగితంలో ఏం రాస్తే ఏం అంటారా? రెండు సంగతులు చెప్తాను.

మొదటిది 1999 నవంబరు ఎన్నికలది. పోలింగ్ బూత్‌ల దగ్గర ఒక బృందం నిలబడింది. అరబ్బు పేరున్నవాళ్లు, కాస్త నల్లగా కనిపించినవాళ్లు ఓటేయడానికి వస్తే చాలు, వీళ్లు పౌరులు కారని అభ్యంతరం చెప్పింది. ఎన్నికల అధికారులు ఆ ఓటర్లను పక్కకు పిలిచి ప్రమాణం చేయించారు. పోలిష్ ముసలాయన్ని ఎవరూ ఆపలేదు. లెక్కల కాగితంలో ఆయనా తెల్లవాడే, ఈ అరబ్బులూ తెల్లవాళ్లే. గుమ్మం దగ్గర మాత్రం తేడా కళ్లకు కట్టింది. అమెరికా న్యాయశాఖ నగరం మీద కేసు పెట్టింది. 2000 సంవత్సరంలో రాజీ ఒప్పందం కుదిరింది. ఎన్నికల సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, కేంద్ర పరిశీలకులు రావచ్చని అందులో రాసుకున్నారు.

రెండోది బ్యాలెట్ కాగితం సంగతి. అమెరికా ఓటు హక్కు చట్టంలో ఒక నిబంధన ఉంది. ఒక ఊళ్లో ఇంగ్లీషు సరిగా రాని ఓటర్లు తగినంతమంది ఉంటే, వాళ్ల భాషలో కూడా బ్యాలెట్ ఇవ్వాలి. అయితే ఆ నిబంధన కొన్ని వర్గాలకే వర్తిస్తుంది. స్పానిష్ మూలాల వాళ్లు, ఆసియావాళ్లు, అమెరికా ఆదివాసులు, అలాస్కా ఆదివాసులు. దానివల్ల 2012 నుంచి హామ్‌ట్రామెక్‌లో బంగ్లాలో బ్యాలెట్ వచ్చింది. సిల్హెట్ నుంచి వచ్చిన అమ్మమ్మ తన భాషలో చదువుకుని ఓటేసింది. పక్కింటి యెమెన్ అమ్మమ్మకు అరబిక్‌లో ఇవ్వమని ఆ చట్టం చెప్పదు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. ఇద్దరూ ఒకే వీధి. ఒకామె గడి చట్టంలో ఉంది. రెండో ఆమె గడి లేదు. దగ్గర్లోనే అరబ్బులు ఎక్కువగా ఉండే డియర్‌బార్న్ నగరం ఉంది. 2022లో అక్కడి కౌన్సిలు సొంతంగా తీర్మానం చేసుకుని అరబిక్ బ్యాలెట్ పెట్టుకుంది. కేంద్ర చట్టం చెప్పిందని మాత్రం కాదు.

ఈ రెండో ఉదాహరణ నన్ను వదలదు. గడి అంటే కాగితం మీద గీత అనుకుంటాం. ఆ గీతకు అటున్న ముసలామెకు తన భాషలో ఓటు కాగితం ఇవ్వమని చట్టం చెబుతుంది, ఇటున్న ముసలామెకు చెప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. హామ్‌ట్రామెక్ గురించి మీరు ఎప్పుడైనా వార్త చదివి ఉంటే బహుశా ఇదే చదివి ఉంటారు. 2015 ఎన్నికల తర్వాత ఆ ఊరి కౌన్సిల్లో ముస్లింలు ఎక్కువమంది అయ్యారు. 2021 ఎన్నికల తర్వాత కౌన్సిలంతా ముస్లింలే. మేయరుగా యెమెన్‌లో పుట్టిన ఆమెర్ గాలిబ్ గెలిచారు. అంతకు ముందు పదహారేళ్ల పాటు మేయరు పోలిష్ మూలాలున్న కేరెన్ మయెవ్‌స్కీ. అప్పటికి వందేళ్లుగా ఆ కుర్చీలో పోలిష్ మూలాలవాళ్లే కూర్చున్నారు. ఈ వార్తతో పాటు, ఇది ముస్లింలు సగానికి మించిన నగరం అని పత్రికలు రాశాయి. నిజమే కావచ్చు. కానీ ఆ మాట జనాభా లెక్కల్లోంచి రాలేదు. అమెరికా లెక్కల్లో మతం ఏమిటని అడగరు. జవాబు చెప్పితీరాలని ఎవరినీ ఒత్తిడి చేయకూడదని 1976లో చట్టమే చేశారు. మన దేశంలో మతం అడుగుతారు, అక్కడ జాతి అడుగుతారు. కాబట్టి ముస్లింలు ఇంతమంది అన్న అంకె ఒక అంచనా. మంచి అంచనాయే కావచ్చు. అయినా అంచనా.

పైగా ఆ ఊరి మసీదుల్లో ఒక వరసలో నిలబడ్డవాళ్లను చూడండి. సిల్హెట్ ఆయన ఆసియా గడి. పక్కన యెమెన్ ఆయన తెల్ల గడి. ఆ పక్కన బోస్నియా ఆయన కూడా తెల్ల గడి. ఆ పక్కన ఆఫ్రికన్ అమెరికన్ ముస్లిం నల్ల గడి. ఒకే నమాజు, మూడు గళ్లు. 2004లో అల్ ఇస్లా అనే బంగ్లాదేశీ మసీదు మైకులో అజాన్ ఇచ్చుకుంటామని అడిగితే ఊరంతా చర్చ జరిగింది. కౌన్సిలు ఒప్పుకుంది. కాదన్నవాళ్లు ఊరి ఓటుకు పెట్టారు. ఆ ఓటులో కూడా అజాన్ వైపే ఎక్కువమంది నిలబడ్డారు. చర్చి గంటలు మోగుతున్న ఊళ్లో ఇదీ మోగనివ్వండి అన్నవాళ్లలో పోలిష్ కాథలిక్కులు కూడా ఉన్నారు. ఇలాంటివి శాతాల్లో ఏ వరసలోనూ రావు.

అయితే ఇక అంకెలు నమ్మకూడదా? అలా అనను. లెక్కలు లేకపోతే ఆ నల్లవాళ్ల కేసు నిలిచేది కాదు. లెక్కలు లేకపోతే బంగ్లా బ్యాలెట్ వచ్చేది కాదు. బళ్లకు, ఆసుపత్రులకు డబ్బు వచ్చేది కాదు. అంకెలు కావాలి. వినే పద్ధతి తెలియాలి.

ఏదైనా ఊరి గురించి ఫలానా జాతివాళ్లు ఇంత శాతం అని విన్నప్పుడు ముందు గడి గురించి అడగండి. ఆ పేరు కింద ఎవరెవరిని కలిపారు? తెల్లవాళ్లు అంటే పోలిష్ వాళ్లేనా, యెమెన్ వాళ్లు కూడానా? ఆసియావాళ్లు అంటే చైనా వాళ్లా, సిల్హెట్ వాళ్లా, మనవాళ్లా? ఇది తెలిస్తే సగం తెలిసినట్టే.

తర్వాత ఎలా అడిగారో చూడండి. 2000 సంవత్సరం నుంచి అమెరికాలో ఒక మనిషి ఒకటి కంటే ఎక్కువ జాతి గళ్లలో టిక్కు పెట్టొచ్చు. తల్లి నల్లామె, తండ్రి అరబ్బు అయితే నల్ల, తెల్ల రెండు గళ్లలోనూ పెట్టొచ్చు. అంతకు ముందు ఒక్కటే పెట్టాలి. అంచేత 1990 అంకెను 2000 అంకె పక్కన పెట్టి, అరె, ఇంత తగ్గిపోయారే అనుకోకూడదు. ఇంకొకటి. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలు ఉన్నాయా లేదా అన్నది వాళ్లు వేరే ప్రశ్నగా అడుగుతూ వచ్చారు. అందులో అవునన్నవాళ్లు జాతి ప్రశ్నకు మళ్లీ తెల్ల అనో నల్ల అనో ఇంకోటనో జవాబు చెప్పాలి. అందుకే కొన్ని పట్టికల్లో శాతాలన్నీ కూడితే నూరు దాటుతాయి. తప్పు కూడిక కాదు. రెండు ప్రశ్నల జవాబులు ఒకేచోట రాశారు, అంతే. హామ్‌ట్రామెక్‌లో స్పానిష్ మూలాల వాళ్లు చాలా తక్కువ కాబట్టి అక్కడ ఈ చిక్కు పెద్దగా లేదు. టెక్సస్ ఊళ్ల అంకెలు చూసినప్పుడు మాత్రం ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు కదా.

మనవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మీ ఇంట్లో అమ్మాయో అబ్బాయో అమెరికాలో ఉంటే వాళ్లు ఈ కాగితం నింపేవాళ్లే. పదేళ్లకోసారి వచ్చే లెక్కల్లో ఏషియన్ ఇండియన్ గడిలో టిక్కు పెడతారు. ఆ గడిలో తెలుగు, తమిళం, పంజాబీ, గుజరాతీ అన్నీ ఒకటే. తెలుగువాళ్లు ఎంతమంది అన్నది అక్కడ తెలియదు. అది తెలిసేది ఇంకోచోట. ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు పంపే ఒక సర్వే ఉంది. అందులో ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడుగుతారు. దాని మామూలు పట్టికల్లో కూడా ఒకప్పుడు తెలుగు వేరుగా లేదు. ఇతర ఆసియా భాషలు అనే గుంపులో కలిసిపోయి ఉండేది. 2016 నుంచి తెలుగుకు ఒక వరస వచ్చింది. తమిళానికి ఒకటి వచ్చింది. కన్నడం, మలయాళం మాత్రం ఇప్పటికీ ఒకే వరసలో సర్దుకుంటున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఫారంలో మాత్రం మాకు ఇంగ్లీషు వచ్చు కదా అని ఇంగ్లీషే రాసే కుటుంబాలు ఉంటాయి. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చన్నది అక్కడ ఇంకో ప్రశ్న. దాని జవాబు దానికి రాయొచ్చు. ఇంట్లో మాట్లాడే భాష తెలుగైతే తెలుగు అనే రాయమని మీ పిల్లలకు చెప్పండి. ఆసుపత్రిలో తెలుగు దుబాసీ కావాలా, బడి నుంచి వచ్చే చీటీ తెలుగులో ఉండాలా అన్నది తేల్చేటప్పుడు ఇలాంటి అంకెలే చూస్తారు. మనవల్ని చూడ్డానికి అక్కడికి వెళ్లి నెలల తరబడి ఉండే అమ్మమ్మలకు, తాతయ్యలకు అవి పనికొస్తాయి.

మళ్లీ మన ఊరికి. 2020 లెక్కల్లో ఒక చిన్న మార్పు వచ్చింది. తెల్లవాళ్లు అని టిక్కు పెట్టినవాళ్లను, మీ మూలాలు ఎక్కడో కింద రాయండి అని అడిగారు. ఉదాహరణకి జర్మన్, ఐరిష్, లెబనీస్, ఈజిప్షియన్ అని కాగితంలోనే ఇచ్చారు. జనం రాశారు. ఆ రాతలన్నీ లెక్కపెడితే దేశం మొత్తం మీద పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాల వాళ్లు 35 లక్షల మంది దాకా తేలారు. ఇన్నాళ్లూ గిన్నె లేని మనుషులు వీళ్లు. ఆ లెక్కలోనే డియర్‌బార్న్‌లో సగం మందికి పైగా ఈ మూలాల వాళ్లేనని మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. ఊళ్లో వాళ్లకు ఎప్పట్నుంచో తెలిసిన సంగతే.

2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం నియమం మార్చింది. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు సొంత గడి ఇవ్వాలంది. స్పానిష్ మూలాల ప్రశ్నను జాతి ప్రశ్నలోనే కలిపేయమంది. 2030 జనాభా లెక్కలు ఈ కొత్త నియమం ప్రకారం జరగాలన్నది అప్పటి మాట.

ఆ గడి 2030 కాగితంలో నిలిస్తే, హామ్‌ట్రామెక్‌లో ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పొచ్చు. తెల్లవాళ్ల శాతం ఒక్కసారిగా పడిపోతుంది. తెల్లవాళ్లు ఊరు వదిలి పారిపోతున్నారు అని ఎక్కడో ఒక శీర్షిక వస్తుంది. అప్పుడు మీరు ఆ వార్త వింటే, ఎవరూ ఎక్కడికీ పోలేదని మీకు తెలుసు. జోసెఫ్ కాంపో వీధిలో కిరాణా కొట్టాయన తన కొట్లోనే ఉంటాడు. ఆయన కూతురు పెళ్లయి పక్క వీధిలో ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆయన ఏదైతే, ఇప్పుడు ఫారంలో అదే రాసి ఉంటాడు. యెమెన్ అని.